ఎదురు పెట్టె

ఈ మంగళవారంతో యాభై రెండు నిండాయి.
ఎవరికీ చెప్పలేదు.
పొద్దున్నే తాడుకి గ్రీజు రాసి
కిరసనాయిలుతో చేతులు కడుక్కుని
తలుపు గొళ్ళెం తీశాను, రోజూలాగే.

వాల్పరైసోలో మా కొండకి
రోడ్డు ఊరంతా తిరిగి వస్తుంది, సోమరిది.
ఈ చెక్క పెట్టె మాత్రం
పట్టాలు పట్టుకుని నిటారుగా పాకుతుంది
నిమిషంన్నరలో.
ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ నిమిషంన్నరే నా ఉద్యోగం.

ఓడ ఎక్కాలనుకున్నవాణ్ణి.
రేవు ఆఫీసు డాక్టరు చుక్కల అట్ట చూపించి
ఇందులో అంకె ఎంత అన్నాడు.
నాకు చుక్కలే కనబడ్డాయి.
ఎరుపూ పచ్చా తేడా తెలియనివాడికి సముద్రం ఇవ్వరట.
ఆ సాయంత్రం ఈ పెట్టెలోనే ఏడుస్తూ పైకొచ్చాను.
ముసలి రొసామెల్ టికెట్ అడగలేదు.
వారం తర్వాత బ్రేకు పట్టడం నేర్పాడు.

చాలా ఏళ్ళు కోపంగానే ఉన్నాను, ఒప్పుకుంటాను.
కిందికి చూస్తే ఓడలు,
పైకి చూస్తే ఆరేసిన దుప్పట్లు.
తాగినప్పుడల్లా లెక్క వేసేవాణ్ణి:
ఇన్ని వేలసార్లు ఎక్కాను,
అన్ని వేలసార్లూ దిగాను,
తీసేస్తే సున్నా.

లెక్క తప్పు కాదు.
కొన్ని అందులో పడలేదంతే.

గుడ్ల బుట్టతో ఎక్కే దోన్యా ఎదెల్మీరా
మూడో కుదుపు దగ్గర నన్ను పేరు పెట్టి తిట్టేది.
ఆవిడ పోయాక కొన్నాళ్ళు
అక్కడికి రాగానే నన్ను నేనే తిట్టుకున్నాను,
ఆ చోటు ఊరికే దాటిపోవడం బాగోక.

ఒక కుక్క.
తొమ్మిదింటికి దిగి ఒంటిగంటకి ఎక్కేది.
కింద దానికేం పనో చివరిదాకా చెప్పలేదు.

భూమి కదిలిన రోజు సగంలో ఆగిపోయాం, ఆరుగురం.
పదేళ్ళుగా నాతో మాటల్లేని ఒస్వాల్దో
నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.
దిగాక మళ్ళీ మాటల్లేవు.
మోచెయ్యి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

కొండ మొత్తం చీకటైన ఒక జూన్ రాత్రి
మా మోటారుకి రేవు కరెంటు ఉండేది.
ఆడవాళ్ళు కింద కొవ్వొత్తులు వెలిగించుకుని
అరచేతులు అడ్డం పెట్టుకుని వచ్చారు.
పదకొండు దీపాలు కొండెక్కాయి నా పెట్టెలో,
ఒక్కటీ ఆరకుండా.

ఎదువీనా నన్ను వదిలి వెళ్ళిందీ ఇందులోనే.
రెండు ట్రంకులు, ఒక కుట్టుమిషను.
బ్రేకు వదిలింది నేనే.
మిషను బరువని, దింపడానికి సాయం పట్టాను కూడా.
ఇప్పుడు ఆదివారాలు వాళ్ళమ్మని చూడ్డానికి వస్తుంది.
చిల్లర లెక్కపెట్టి ఇస్తుంది.
మోకాలు ఎలా ఉందంటుంది.
కుడిదా, ఎడమదా అని అడగక్కర్లేదు తనకి.

సగం దారిలో పట్టాలు రెండుగా చీలి
మళ్ళీ కలుస్తాయి.
అక్కడ ఎదురు పెట్టె వస్తుంది.
ఒక్క క్షణం, కిటికీకి కిటికీ.
రెండింటికీ ఒకటే తాడు.
అది దిగుతూ దాని బరువుతో నన్ను పైకి లాగుతుంది,
నేను దిగుతూ దాన్ని.
రొసామెల్ మొదటి రోజే చెప్పాడు ఈ మాట.
యంత్రం సంగతి చెబుతున్నాడనుకున్నాను.

ఎదురు పెట్టెలో ఇప్పుడు యాస్నా.
పంతొమ్మిదేళ్ళు, పని కొత్త, గొంతు పెద్దది.
"డోన్ నొల్బెర్తో, ఇవాళ సముద్రం ఏం రంగు?"
కొండంతటికీ తెలుసు నా కళ్ళ సంగతి.
"గంజి రంగు" అన్నాను.

నవ్వుతూ కిటికీలోంచి ఏదో విసిరింది.
పట్టుకున్నాను. ఈ వయసులో, ఒంటి చేత్తో.

నారింజ.
పండిందో లేదో చూసి చెప్పలేను,
వాసన చూశాను.
గ్రీజూ కిరసనాయిలూ దాటుకుని వచ్చింది.

ఆ పిల్ల పైకి పోతోంది.
నేను దిగుతున్నాను.
స్టేషను రావడానికి ఇంకా
నిమిషంన్నరలో సగం.
మూడు తొనలు తినొచ్చు,
గింజలు ఉమ్మడానికి
కిటికీ తెరిచే ఉంది.